చంద్రికల ఇల్లు

నేను సమాజశాస్త్రంలోకి వచ్చింది గ్రాఫు కాగితం వల్ల. కృష్ణగిరిలో మెకానికల్ డిప్లొమా ముగించి హోసూరుకు తిరిగి వచ్చేసరికి ఊరి చుట్టూ కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. పదకొండు చోట్ల దరఖాస్తు పెట్టి, ఏ దరఖాస్తు ఏ తేదీన పోస్టు చేశానో ఒక నోటుబుక్కులో రాసుకుని, జవాబుల కోసం ఎదురుచూస్తున్నాను. అంతలో మత్తిగిరిలో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉన్న ఒక ప్రొఫెసరమ్మకు పట్టికలు, గ్రాఫులు గీసే మనిషి కావాలని తెలిసింది. బెంగళూరు కాలేజీలో పాఠాలు చెప్పే ఆమె రెండేళ్ళ సెలవు పెట్టి పల్లెల్లో పరిశోధన చేయడానికి వచ్చింది. అందరూ ఆమెను మేడం అనేవారు. నా గీతలు చూసి, ఏ ప్రశ్నా అడగకుండా, రేపటి నుంచి రమ్మంది. దేని మీద పరిశోధన అని నేనే అడగాల్సి వచ్చింది. ఇళ్ళల్లో ఆడవాళ్ళు తినే దెబ్బల మీద, అంది.

మా నాన్నకు హోసూరు బజారులో తాళ్ళు, గోనెసంచుల అంగడి ఉండేది. సంగతి చెబితే తూకం రాయి చేతిలో పట్టుకునే అడిగాడు.

"మొగుడూ పెళ్ళాం కొట్టుకునేదానికి నువ్వు పట్టీ వేసేదా? దానికి డిప్లొమా ఎందుకప్పా. మన అంగడి ముందర నిలుచుకుంటే బజారు మొత్తం వినిపిస్తాది."

అయినా వద్దనలేదు. కొట్టు మూసేటప్పుడు, గట్టి అట్ట ఒకటి వెతికి దానికి క్లిప్పు బిగించి ఇచ్చాడు, కాగితాలు ఎగిరిపోకుండా.

మేడం ఎంచుకున్న ఊరు తళికీ జవళగిరికీ మధ్య, బస్సు దిగాక ఒక మైలు నడిచే దూరంలో ఉంది. చల్లని ఊరు. ఎండాకాలంలో కూడా తెల్లవారుజామున చొక్కా మీద ఇంకొకటి వేసుకోవాలనిపించేది. దాదాపు ప్రతి ఇంట్లోనూ పట్టుపురుగులు మేపేవాళ్ళు. గుడ్లు పొదిగి పురుగు బయటికి వచ్చిన దినం నుంచి గూడు కట్టేదాకా నాలుగు వారాలు. మధ్యలో నాలుగుసార్లు పురుగు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగు ఇక రాత్రీ పగలూ తింటూనే ఉంటుంది. తట్టల్లో వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరికే చప్పుడు బయటికి వానలా వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను గొడుగు తెరిచాను. వీధిలో ఉన్న ఆడవాళ్ళు ఆ వారమంతా నన్ను చూడగానే ఆకాశం వైపు చూసేవాళ్ళు.

మొదటిరోజే ఇంకో పాఠం. ఒక ఇంటి గడప దగ్గర నిలబడి, పరిశోధన గురించి నేను సిద్ధం చేసుకున్న నాలుగు వాక్యాలు చెబుతున్నాను. లోపల తట్టల మధ్య నుంచి పొడుగాటి మనిషి ఒకామె వచ్చి, నా మాటలు వినకుండా నా చుట్టూ గాలి పీల్చింది.

"ఏం పూసుకున్నావప్పా ముఖానికి?"

పౌడర్ అన్నాను.

"తలకు?"

వాసన నూనె.

"పెండ్లికి వచ్చినట్ల వచ్చినావు. ఆడ్నే నిలుచుకుని అడుగు. నీ వాసనకు నా పురుగులు మేత మానేస్తాయి."

పురుగులున్న ఇంటికి కట్టడి అలాంటిది. కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా లోపలికి రాకూడదు. పౌడర్, ఊదుబత్తి, తాళింపు ఘాటు ఏదీ సోకకూడదు. అన్నిటికన్నా పెద్ద శత్రువు పొగాకు. బీడీ పట్టిన చేత్తో ఆకు వేస్తే పురుగు పచ్చగా కక్కుకుని చచ్చిపోతుంది. అందుకని ఆ నాలుగు వారాలూ బీడీ తాగేవాడు, సారాయి వాసన వచ్చేవాడు గడప దాటడానికి లేదు. ఇంటి యజమాని అయినా సరే, బయట తిన్నె మీదే తిండి, తిన్నె మీదే పడక. ఇదంతా నేను వివరంగా రాసుకున్నాను. అర్థం చేసుకోలేదు.

నా ఫారంలో ఇరవై రెండు ప్రశ్నలు. పదకొండోది: మీ భర్త మిమ్మల్ని కొడతారా? అవును, లేదు, రెండు గళ్ళు. ఊరంతా తిరిగి నింపుకుని వచ్చాను. ప్రతి ఫారంలోనూ "లేదు" గడిలోనే టిక్కు. ఒక్కచోట మాత్రం ఒకామె, మంచం మీద కూర్చున్న మొగుడి వైపు గడ్డం తిప్పి, ఆయన్నే అడుగప్పా, ఆయనకే బాగా జ్ఞాపకముంటాది అంది. దాన్ని నేను "సమాధానం లేదు" కింద వేశాను. ఆ పట్టిక నాకు చాలా అందంగా కనిపించింది. కొట్టివేత ఒక్కటి లేదు.

మేడం పట్టిక చూసి మిరపకాయ బజ్జీ నములుతూ చాలాసేపు నవ్వింది. ఈ ఊర్లో ఇంతమంది దేవుళ్ళలాంటి మొగుళ్ళు ఉంటే మనం బెంగళూరుకు పోయి అక్కడివాళ్ళను కూడా ఇక్కడికి పంపిద్దాం అంది. అడిగేటప్పుడు పక్కన ఎవరున్నారని అడిగింది. అత్త, మొగుడు, మామ, కొన్నిచోట్ల ముగ్గురూ. ఫారాలన్నిటినీ తిరగేసి, వెనకవైపు ఖాళీ కాగితాలుగా వాడుకోమంది. ఇకమీదట ఒక్కటే అడగాలి: పోయిన వారం ఏ రోజు ఎక్కడ పడుకున్నావు? ఈ ప్రశ్న అత్త ముందరైనా అడగవచ్చు, మొగుడి ముందరైనా చెప్పవచ్చు.

అలా మొదలైంది అసలు పని. నేను పౌడర్ మానేశాను, తలకు ఆముదం రాసుకోవడం మొదలుపెట్టాను. గడప లోపలికి రానిచ్చారు. ఆకు తరుగుతూ, తట్టలు మారుస్తూ వాళ్ళు మాట్లాడే మాటలు ఏ ఫారంలోనూ పట్టేవి కావు. అత్తల మీద హాస్యాలు, మొగుళ్ళ నడకల అనుకరణలు, నా పెళ్ళి గురించి నా ఎదుటే చర్చలు. అంత నవ్వు నేను పాలిటెక్నిక్ హాస్టల్లో కూడా వినలేదు. ఆ నవ్వుల మధ్యనే, ఆకు వేసే చేయి ఆగకుండా, పోయిన మంగళవారం చెంప వాచిన సంగతి కూడా వచ్చేది. నేను తల దించుకుని రాసుకునేవాడిని.

నన్ను గడప దగ్గర ఆపిన పొడుగాటామె వాళ్ళందరిలోకీ చేయి తిరిగినది. పురుగు పండితే, అంటే గూడు కట్టడానికి సిద్ధమైతే, ఒళ్ళు అద్దంలా మెరుస్తుంది. మిగతావాళ్ళు వెలుగుకు పట్టి చూసేవాళ్ళు. ఆమె వేలితో తాకి చెప్పేది. నేను ఆమెను అక్కా అని పిలిచేవాడిని. మొగుడు ఎద్దుల బండి తోలేవాడు. మంచి మాటకారి, పదిమందిలో దర్జా కోరుకునే మనిషి. సాయంత్రం సారాయి తాగి ఇంటికి వస్తే మాత్రం ఆమె తిన్న దెబ్బలు ఊరంతటికీ తెలిసేవి. ఆమె తన ఇంట్లో పురుగులు లేనప్పుడు వేరే ఇళ్ళల్లో ఆకు వేయడానికి పోయి, అక్కడే పడుకునేది. ఆమె ఒక్కతే కాదు, ఇంకా ముగ్గురు నలుగురు. ఆ రాత్రులన్నిటినీ నా పట్టికలో "కూలి పని" అనే నిలువు వరసలో వేశాను.

మూడు నెలలకు గ్రాఫు తయారైంది. ఒక గీత గొడవలది, ఒక గీత పురుగుల వారాలది. పురుగులు ఉన్న ఇంట్లో గొడవ లేదు. పురుగులు లేని వారాల్లో ఉంది. ఇంత స్పష్టమైన గ్రాఫు నేను ఫిజిక్స్ రికార్డులో కూడా గీయలేదు. పని ఎక్కువైతే మగవాళ్ళకు కొట్టడానికి తీరిక ఉండదు, ఇదీ నా సిద్ధాంతం. మేడం గ్రాఫును మెచ్చుకుంది. సిద్ధాంతాన్ని మెచ్చుకోలేదు. పరీక్ష పేపర్లు దిద్దడానికి నెల రోజులు బెంగళూరు పోతూ, బస్సు కిటికీలోంచి ఒక్క మాట అంది.

"ఆ కూలి పనికి కూలి ఎంత ఇస్తారో అడిగి పెట్టు."

చిన్న విషయం అనుకున్నాను. అడగలేదు.

దాని బదులు ఇంకో పని చేశాను. పట్టుపురుగుల పెంపకం నేర్పడానికి ఊరికి వచ్చే ఒక ఉద్యోగి ఉండేవాడు. ఒక్కో ఇల్లు ఒక్కో తేదీన గుడ్లు అడుగుతుందని, గూళ్ళు సంతకు పంపడానికి ఒకే వారంలో మూడు బండ్లు కట్టాల్సి వస్తుందని అతని బాధ. నాకు ఉత్సాహం వచ్చింది. ఊరంతా ఒకే దినం మొదలుపెడితే గుడ్లు ఒక్కసారి వస్తాయి, గూళ్ళు ఒకే టెంపోలో పోతాయి. అంతకన్నా, నా సిద్ధాంతం ప్రకారం, ఊరి మగవాళ్ళందరూ ఒకేసారి తీరిక లేకుండా ఉంటారు. ఊరంతటికీ ఒకేసారి శాంతి. ఇంటింటికీ తిరిగి తట్టలు ఎన్ని, మల్బరీ తోట ఎంత, ఆకు కోసే చేతులు ఎన్ని అన్నీ రాసుకుని, రెండు సాయంత్రాల్లో పెద్ద చార్టు గీశాను. మూడు రంగుల సిరా. పాల సొసైటీ గోడకు అంటించారు. మగవాళ్ళు దాని ముందు నిలబడి వేళ్ళతో చూపించుకున్నారు. ఆడవాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. నేను వాళ్ళను అడగనూ లేదు.

చార్టు ప్రకారం కలిసి మొదలుపెట్టాలంటే ముందు అందరూ ఖాళీ కావాలి. ముగిసిన ఇల్లు ముగిసినట్టు ఆగి, మిగతా ఇళ్ళ కోసం కాచుకుంది. ఆఖరి ఇల్లు కూడా గూళ్ళు తీశాక, కొత్త గుడ్లు రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలు ఊర్లో ఏ ఇంట్లోనూ పురుగు లేదు.

రెండో వారం ఒకరోజు పొద్దున నేను బస్సు దిగేసరికి అక్క రోడ్డు దగ్గరే నిలబడి ఉంది. మైలు నడిచి వచ్చింది. ఎడమ మణికట్టు చుట్టూ పాత చీర ముక్క కట్టుకుంది. కోపంగా ఉంటుందనుకున్నాను. అలసిపోయి ఉంది.

"చెప్పప్పా. ఈ పొద్దు నేను యాడికి పోవాల?"

నాకు అర్థం కాలేదని ముఖం చూసి గ్రహించింది.

"ఊర్లో ఎప్పుడూ ఒక ఇంట్లో పురుగులు ఉంటాయి. ఒకరిది ముగిస్తే ఇంకొకరిది. మేమే అట్ల ముందూ వెనకా చేసుకున్నాము, మా అత్తల కాలం నుంచి. ఆకు వేసేదానికి పోతాను అంటే ఎవురూ వద్దనరు. తాగొచ్చిన మా ఆయప్పకు ఆ గడప దాటేదానికి లేదు. ఇప్పుడు యాడ చూసినా ఖాళీ తట్టలే. నీ కాగితం చూసి అందరూ ఒకటే తూరి ఆపేసినారు."

కూలి ఎంత ఇస్తారని అప్పుడు అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"కూలి ఎవురిస్తారు? చోటిస్తారు."

నా పట్టికలోని నిలువు వరస పేరు తప్పు. ఆ వరసలో ఉన్నవి పని చేసిన రాత్రులు కావు, తలుపు దొరికిన రాత్రులు. నేను కష్టపడి గీసిన మూడు రంగుల చార్టు ఆ తలుపులన్నిటినీ ఒకేసారి మూసింది.

అక్కను మత్తిగిరిలో మేడం గదులకు తీసుకుపోయాను. మేడం ఇంటి యజమానురాలికి మా అక్క అని చెప్పాను. గుడ్లు వచ్చేదాకా, ఐదు రోజులు, ఆమె అక్కడే ఉంది. మూడో రోజుకల్లా యజమానురాలి పెరట్లో చిక్కుడు పాదుకు కొత్త పందిరి లేచింది. మేడం తిరిగి వచ్చి చూసేసరికి ఇద్దరూ పందిరి కింద కూర్చుని నా నడకను అనుకరిస్తున్నారు. మేడంకు అంతా చెప్పాను. తిట్టలేదు. ఎవరిని అడిగి చేశావు అని మాత్రం అడిగింది. నేను పేర్ల జాబితా చెప్పాను. అందులో ఒక్క ఆడమనిషి కూడా లేదని నాకే వినిపించింది.

చార్టు తీసేయించాలనుకున్నాం. కానీ గుడ్లు అప్పటికే ఇంటింటికీ చేరి, ఒకేరోజు పగిలాయి. నాలుగు వారాలు ఊరంతా ఒకటే వాన చప్పుడు. మళ్ళీ ఒకేసారి ముగుస్తుంది, మళ్ళీ రెండు వారాలు ఖాళీ వస్తుంది. అక్క మళ్ళీ ఎక్కడికి పోవాలి, నా తలలో ఆ ఒక్క ప్రశ్నే. మగవాళ్ళకు ఏం చెప్పి ఒప్పించాలో మేడంకూ తోచలేదు. ఉన్న సంగతి చెబితే, ఉన్న ఆ చోటు కూడా పోతుంది.

ఊరిని ఒప్పించింది పురుగులే. పండిన పురుగు గూడు కట్టుకోవడానికి చంద్రిక కావాలి. వెదురు చాప మీద వెదురు పట్టీని చుట్టలు చుట్టలుగా అల్లిన పెద్ద పళ్ళెం లాంటిది, మనిషి ఎత్తు ఉంటుంది. ఆ చుట్టల సందుల్లో పురుగును వేస్తే అక్కడ గూడు కట్టుకుంటుంది. ఊర్లో చంద్రికలు ఏ ఇంటివీ కావు. అందరివీ. ఒక ఇంట్లో పని ముగియగానే పక్క ఇంటికి పోయేవి. నేను ఇంటింటికీ తిరిగి వస్తువులు రాసుకున్నప్పుడు ఎవరూ తమవని చెప్పలేదు కాబట్టి నా జాబితాలో అవి లేవు. ఊరి మొత్తానికి ఉన్నవి ఒక విడతకు కొన్ని ఇళ్ళకే సరిపోయేటన్ని. చార్టు పుణ్యమా అని ఊరి పురుగులన్నీ ఒకే పొద్దున పండాయి.

ఆ దినం నేను జీవితాంతం మరచిపోను. చంద్రికలు ఒక్క గంటలో అయిపోయాయి. తరువాత గడ్డి, మామిడి కొమ్మలు, కొబ్బరి మట్టలు. ఆ తరువాత చీపుర్లు. ఒక ముసలాయన తన పెళ్ళినాటి గొడుగును తెరిచి, తలకిందులుగా దూలానికి వేలాడదీసి, కమ్మీల సందుల్లో పురుగులను పరిచాడు. మేడం చీర కుచ్చిళ్ళు దోపుకుని కొమ్మలు మోసింది. అక్క ఇల్లిల్లూ పరుగెత్తి, ఏ తట్టలో పురుగు ఇంకో పూట ఆగుతుందో, ఏది ఆగదో వేలితో తాకి చెప్పింది. ఆమె మాట వల్లే చాలా భాగం దక్కింది. తరువాత వారం రోజులు ఊర్లో ఎవరూ ఇల్లు ఊడవలేదు. చీపుర్లన్నిటిలోనూ గూళ్ళు.

గూళ్ళు అమ్మి వచ్చాక పాల సొసైటీ ముందు పంచాయితీ పెట్టారు. నా చార్టు ఇంకా గోడ మీదే ఉంది. మగవాళ్ళు నన్ను అన్నవన్నీ న్యాయమే కాబట్టి ఇక్కడ రాయడం లేదు. అప్పుడు ఊర్లో అందరికన్నా పెద్దామె, నోట్లో ఒక్క పన్ను ఉన్న అవ్వ, లేచింది.

"పాత వరసే బాగుండాది. చంద్రికలు తిరిగినట్ల పురుగులు తిరగల్ల. అయితే ఈ చంద్రికలకు ఒక ఇల్లు కావాల. ఎవురి చేతిలో లేక సగం విరిగిపోయినాయి."

ఎవరిల్లు అని ఎవరో అడిగారు. అవ్వ ఆలోచిస్తున్నట్టు నటించింది. అది నటన అని నాకు తెలిసింది, ఎందుకంటే పక్కన కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా తమ కాలివేళ్ళు చూసుకున్నారు.

"వెడల్పు నడవ ఉండేది బండి తోలే ఆయన ఇంట్లోనే. ఊరి సొత్తు కాచేదంటే పదిమంది మాట వినే మనిషి కావాల. కాని ఆయప్ప ఒప్పుకుంటాడో లేదో."

అక్క మొగుడు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. ఊరు అడిగితే కాదనే మనిషిని కాదన్నాడు. పక్కవాళ్ళు అతని వైపు గౌరవంగా చూశారు. అంతా కుదిరాక, లేవబోతూ, అవ్వ మరచిపోయిన సంగతి గుర్తొచ్చినట్టు అంది.

"వెదురుకు పొగాకు వాసన పడితే పోదప్పా. ఆ నడవలో ఇంక ఏ కాలమూ బీడీ, సారాయి కూడదు. నువ్వే చూసుకోవాల."

అతను తల ఊపేశాడు. దేనికి ఊపాడో అతనికి ఇల్లు చేరేలోగా అర్థమై ఉంటుంది. కానీ పదిమంది ముందర ఊపిన తల.

ఆ నెలలోనే ఒక ఫ్యాక్టరీ నుంచి నాకు ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. నోటుబుక్కులో ఆ దరఖాస్తు ఎదుట "వచ్చింది" అని రాసి, వెళ్ళలేదు. మా నాన్న అడిగితే చంద్రికలు లెక్కపెట్టాలి అన్నాను. ఇన్నేళ్ళ తరువాత, సొంతంగా పరిశోధన చేస్తూ, కొత్త ఊరికి పోయినప్పుడల్లా మొదట ఏ ఇంటికీ చెందని వస్తువులు ఏమిటో అడుగుతాను. ఆ తరువాతే ఇళ్ళ సంగతి.

అక్క ఇంట్లో దెబ్బలు పూర్తిగా ఆగిపోయాయని మేం రాయలేదు. రాయాలంటే ఆధారం ఉండాలి. మేం చూసింది రాశాం. ఆ ఇంటి తలుపు తెల్లవారింది మొదలు మూసేవాళ్ళు లేరు. చంద్రిక తీసుకునేవాళ్ళు, తెచ్చేవాళ్ళు, మందు నీళ్ళతో కడిగేవాళ్ళు, ఊరికే కూర్చునేవాళ్ళు. తాగి వచ్చిన రోజు అతను తిన్నె మీదే పడుకునేవాడు, అదీ ఊరి సొత్తు కాపలా పేరుతో. ఆమె ఎవరింటికీ ఆకు వేయడానికి పోవడం మానేసింది. అవ్వ ఒకసారి పిలిస్తే, మన పని ఎవరు చూస్తారు అని నవ్విందట.

నేను ఆఖరుసారి పోయిన మధ్యాహ్నం, కడిగిన చంద్రికలను వీధి పొడుగునా గోడలకు ఆనించి ఎండకు పెట్టారు. ఉన్నట్టుండి తళి వైపు నుంచి జల్లు దిగింది. వీధి మొత్తం లేచింది. ఆడవాళ్ళు, నేను, పాలు పోయడానికి వచ్చినవాళ్ళు, ఒక్కొక్కటి నెత్తిన పెట్టుకుని ఆ ఇంట్లోకి పరుగు. అక్క నడవ మధ్య నిలబడి, ఏది ఎక్కడ ఆనించాలో చెబుతోంది. అందరికన్నా వెనక ఆమె మొగుడు వచ్చాడు, నెత్తి మీద రెండు. గడప బయట ఆగాడు. ఒళ్ళంతా తడిసిపోతోంది.

"ఇవి యాడ పెట్టేది?" అన్నాడు.

ఆమె లోపలున్న వరసలను ఒకసారి కళ్ళతో లెక్కపెట్టుకుంది. తొందరపడలేదు.

"కాళ్ళు కడుక్కో. చెప్తాను."

అతను రెండు చంద్రికలనూ గోడకు ఆనించి, చెంబు కోసం వెతుక్కున్నాడు.